సెనోపతి బడ్స్ పర్లేదు

సోలో అనే ఊళ్ళో ఒక వస్తువు బాగాలేదని ఎవడూ అనడు. కూరలో ఉప్పు కుమ్మరించినా పర్లేదు, దర్జీ కుట్టిన చొక్కా చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయినా పర్లేదు, పెళ్ళిలో కరెంటు పోయి మైకు మూగబోయినా పర్లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు, ఆహా, ఎంత తృప్తిగల జనమో అనుకుంటారు. పిచ్చివాళ్ళు! ఆ పర్లేదులో తిట్లుంటాయి, శాపనార్థాలుంటాయి, ఒక్కోసారి పెళ్ళిసంబంధాలు తెగిపోతాయి కూడా. ఎవరు ఎక్కడ ఎంత సాగదీశారో పట్టుకోవాలంతే.

ఈ సాగదీత తెలిసినవాళ్ళలో గలీహ్‌ని మించినవాడు లేడు. ముప్ఫైకి దగ్గరపడ్డవాడు, సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మాట వినాలంటే మనమే దగ్గరికి జరగాలి. చెవుల్లో పెట్టుకునే చవకరకం వైర్‌లెస్ బడ్స్ కొని, వాడి చూసి, వాటి బాగోగులు వీడియోల్లో చెప్పడం అతని పని. ఆ వీడియోలకి "చెవిసాక్షి" అని పేరు పెట్టాడు. ఖరీదైనవాటి జోలికి పోడు. "డబ్బున్నవాడు మోసపోతే ఇంకోటి కొనుక్కుంటాడు. లేనివాడు మోసపోతే ఏడాదంతా ఆ గీపెట్టే శబ్దమే వింటాడు" అంటాడు. అందుకని బడ్స్ పెట్టుకుని రోడ్డుపక్క బండి దగ్గర పెచెల్, అంటే వేరుశెనగ పచ్చడి కలిపిన ఉడికించిన ఆకుకూరలు, తింటాడు, నమిలేటప్పుడు ఊడి పడతాయేమో చూడ్డానికి. మోటార్‌సైకిళ్ళ హోరులో నిలబడి వాళ్ళమ్మకి ఫోన్ చేస్తాడు. ఆవిడ "ఏ బావిలో పడ్డావురా?" అని అడిగిందంటే మైకు పోయినట్టే.

ఇంతా చేసి చివర్న చెప్పేది ఒక్కటే మాట. "పర్లేదు" అని టక్కున తెంచేస్తే కళ్ళు మూసుకుని కొనుక్కోమని. "పర్లే...దు" అంటే ఇంకెక్కడైనా చూడమని. ముందు చిన్నగా దగ్గి, చూపు కిందికి దించి, "ప...ర్లే...దు" అన్నాడా, ఆ సరుకు చేసినవాడు దుకాణం కట్టేసుకుని ఇంటికి పోవచ్చు. అతని వీడియోలు చూసే జనానికి ఈ భాష కొట్టినపిండి.

అలాంటి మనిషి పోయి పోయి పాక్ దర్సోనో కూతుర్ని ప్రేమించాడు.

పాక్ అంటే ఆ ఊళ్ళో పెద్దాయనకి పెట్టే గౌరవం, పెద్దావిడైతే బూ. పాక్ దర్సోనో ఫోన్ల బజార్లో కవర్లు, ఛార్జర్లు, అద్దాలు అమ్ముతాడు. గంభీరమైన మనిషి. ఇంట్లో కూడా బాతిక్ చొక్కా గుండీలన్నీ పెట్టుకునే కూర్చుంటాడు. ఆయన ప్రాణాలు రెండు. ఒకటి కూతురు లారాస్, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. రెండోది సెనోపతి. సెనోపతి అంటే మనిషి కాదు, మురై పిట్ట. పొడుగు తోక, నల్లటి మెడ, కడుపు మీద ఎర్రటి రంగు. పాటల పోటీల్లో గెలిచిన కప్పులు ముందుగదిలో వరసగా పేర్చి ఉంటాయి. వచ్చినవాళ్ళకి ముందు ఆ కప్పులు చూపించి, ఆ తర్వాతే కూర్చోమంటాడు.

భార్య బూ టిటిక్ మాత్రం సురబయ అనే ఊరి మనిషి. సురబయ వాళ్ళ నోరు సంగతి వేరే చెప్పాలా? సోలో వాళ్ళు పదేళ్ళు మనసులో దాచుకునేది వాళ్ళు చెప్పులు విప్పేలోపు మొహం మీద అనేస్తారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో పాక్ దర్సోనో ఆవిడ మాటని వాన చప్పుడులా వినడం నేర్చుకున్నాడు. పడుతున్నంతసేపు పడుతుంది, ఆగుతుంది.

గలీహ్ మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దాయన తీపి టీ చేతికిచ్చి, కప్పులన్నీ చూపించి, గొంతు సవరించుకుని, కొడుకుని పిలిచినట్టు నాక్ అని పిలిచి అడిగాడు.

"నాక్ గలీహ్, మా లారాస్ గురించి నీ ఉద్దేశం ఏంటి?"

గలీహ్ చెవులు ఎర్రగా కందిపోయాయి. మనసులో అయితే, ఆ అమ్మాయి నవ్వితే తనకి రెండు రోజులు వేరే శబ్దమేదీ చెవికి ఎక్కదని చెప్పాలనుంది. కానీ ఎదురుగా ఉన్నది పెద్దమనిషి. ఆయన కూతుర్ని ఆయన ముందే పొగుడుతారా ఎవరైనా?

"పర్లేదండీ, పాక్" అన్నాడు చేతులు కట్టుకుని.

పెద్దాయన మురిసిపోయాడు. ఎంత మర్యాదగల పిల్లాడు! లోపల్నుంచి బూ టిటిక్ మాత్రం, "పర్లేదా? నా కూతురేమన్నా మిగిలిపోయిన అన్నమా?" అని కేకేసింది. ఇద్దరు మగాళ్ళూ వాన చప్పుడు విన్నట్టు విని ఊరుకున్నారు.

ఇంకేముంది, సంబంధం పళ్ళేలతో పెద్దల్ని తీసుకొచ్చి పిల్లని అడగడమే తరువాయి అనుకున్నాడు గలీహ్. సరిగ్గా అప్పుడే పాక్ దర్సోనోకి ఒక ఆలోచన వచ్చింది. ఎక్కడో గుంపగుత్తగా అమ్మే బడ్స్ తెప్పించి, డబ్బాల మీద తన పిట్ట బొమ్మ అచ్చేయించి, "సెనోపతి బడ్స్" అని పేరు పెట్టి అమ్మకానికి దిగాడు. ఒక డబ్బా రిబ్బన్ కట్టి లారాస్ చేత గలీహ్‌కి పంపాడు. దాంతో పాటు ఒక కబురు కూడా. ముందు చెవిసాక్షిలో వీడియో రానీ, ఆ తర్వాత పళ్ళేలు రానీ.

గలీహ్ డబ్బా విప్పాడు. మూత తెరిస్తే తలుపు ఊడొచ్చినట్టు కిర్రుమంది. చెవుల్లో పెట్టుకోగానే ఒకావిడ ఏ దేశం ఇంగ్లీషో తెలీదు, "కనెక్టెడ్!" అని పూనకం వచ్చినట్టు అరిచింది. పాట పెట్టాడు. పాట వెనక పెనంలో నూనె కాగుతున్నట్టు స్స్స్ అని ఒకటే రొద. కాసేపటికి పాట చటుక్కున ఆగిపోయింది. పైనుంచి కిందికి జారుతూ "టిం... టుమ్" అని ఒక మోత. మళ్ళీ పాట, ఆగిన చోటు కాకుండా ఇంకెక్కడో మొదలైంది. ఫోన్ జేబులోనే ఉంది, అయినా అంతే. ఇక పెచెల్ తింటూ చూస్తే, మొదటి ముద్దకే కుడిచెవిది ఊడి వేరుశెనగ పచ్చడిలో బుడుంగున పడింది. తుడిచి పెట్టుకుంటే రెండో ముద్దకి మళ్ళీ పడింది. వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ ఏ బావి అని కూడా అడగలేదు. "రాంగ్ నంబర్" అని పెట్టేసింది.

చెవిసాక్షి చరిత్రలో ఇంత దరిద్రపు సరుకు ఎప్పుడూ రాలేదు.

ఆ సాయంత్రం లారాస్‌ని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి గోడు వెళ్ళబోసుకున్నాడు.

"నాకు తెలుసు మస్" అంది లారాస్. ఆ ఊళ్ళో ఆడపిల్లలు మనసైనవాణ్ణి మస్ అనే పిలుస్తారు. "నాన్నతో నేనూ చెప్పా. నీకు మీ అమ్మ నోరొచ్చింది అన్నాడు. అమ్మ చెప్పింది. ఆవిడ సురబయ మనిషి, ఆవిడకి అన్నీ చెత్తే అన్నాడు. నువ్వు చెప్తే నమ్ముతాడు. నువ్వు మర్యాదస్తుడివి కదా మరి."

"మర్యాదస్తుడు మీ సరుకు చెత్తండీ అని ఎలా అంటాడు?"

"అనకపోతే మర్యాదస్తుడు నమ్ముకున్నవాళ్ళ నెత్తిన టోపీ ఎలా పెడతాడు?"

"అంటే పెళ్ళి పోతుంది, లారాస్!"

లారాస్ గ్లాసులో పుల్లతో ఐసు ముక్కల్ని పొడుస్తూ కూర్చుంది. "నువ్వు నాకు కావాలి" అంది చివరికి. "కానీ జీవితమంతా నువ్వన్న మాటకి అర్థమేంటా అని నీ దగ్గు లెక్కపెట్టుకుంటూ బతకడం నావల్ల కాదు. నీ ఇష్టం ఇక."

ఏం ఇష్టం! గలీహ్ రెండు రోజులు తిండి మానేసి ఆలోచించి, ఈ దేశంలో వస్తువులు కొన్నవాళ్ళంతా చేసే పనే చేశాడు. చూశారుగా ఆ రాతలు? "సరుకు అందింది. ఇంకా విప్పి చూడలేదు. ముందు ఐదు స్టార్లు. తెచ్చిన కుర్రాడు నవ్వుతూ ఇచ్చాడు." అమ్మేవాడూ బతకాలి పాపం అని జాలి. గలీహ్ ఆ జాలినంతా ఒక వీడియోలో కూర్చాడు. డబ్బా ముచ్చటగా ఉంది అన్నాడు. రిబ్బన్ చెయ్యి తిరిగినవాళ్ళు కట్టారన్నాడు. పిట్ట బొమ్మలో కళ్ళు ప్రాణమున్నట్టున్నాయన్నాడు. మూత తెరుచుకుంటుంది, మూసుకుంటుంది అన్నాడు. చివర్న దగ్గకుండా ఉండటానికి ఊపిరి బిగబట్టి, కెమెరా వైపే చూస్తూ, "శబ్దం... పర్లేదు" అన్నాడు.

చూసేవాళ్ళేమన్నా పిచ్చివాళ్ళా? కింద కామెంట్లు వరదలా వచ్చిపడ్డాయి. "అన్నా, నిన్నెవరైనా ఎత్తుకెళ్ళి కట్టేసి మాట్లాడిస్తున్నారా? అయితే రెండుసార్లు కన్ను కొట్టు" అని ఒకడు. "రిబ్బన్ విడిగా అమ్ముతారా?" అని ఒకావిడ. "మూత మూసుకుంటుందా! ఇది కదా టెక్నాలజీ అంటే" అని ఇంకొకడు. గలీహ్ ఫోన్ బోర్లా తిప్పి పరుపు కింద దాచేశాడు.

పాక్ దర్సోనో మాత్రం ఆ వీడియోని బజార్లో కనపడిన ప్రతివాడికీ చూపించాడు. చెవిసాక్షి అంతటివాడు కెమెరాలో సూటిగా చూసి, దగ్గకుండా పర్లేదన్నాడంటే మాటలా! ఇంట్లో వాళ్ళంతా గుమ్మం దాటితే బడ్స్ పెట్టుకునే తిరగాలని ఆర్డర్ వేశాడు. మన సరుకు మనమే పెట్టుకోకపోతే ఎవడు కొంటాడని ఆయన వాదన. లారాస్ తండ్రి మనసు కష్టపెట్టలేక పెట్టుకుంది. బూ టిటిక్, "నా చెవులకి కమ్మలున్నాయి, చాలు" అనేసింది.

వీడియో వచ్చేసింది కాబట్టి పళ్ళేల మాట ఎత్తుదామని గలీహ్ ఆ ఇంటికి వెళ్ళాడు. పెద్దాయన చిరునవ్వుతో ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళాడు. అక్కడ సెనోపతి పంజరం నల్లగుడ్డ కప్పుకుని వేలాడుతోంది.

"ఈకలు రాలుస్తున్నాడు" అన్నాడు గుసగుసగా. "తెలుసుగా, ఈ రోజుల్లో వీడు పాడడు, వింటాడు. ఏం వింటే అదే గొంతులో పడిపోతుంది. కొత్త ఈకలొచ్చాక బయటికి తీస్తాడు. రాబోయే పాటల పోటీకి చెరుకుపిట్ట పాట, చిలకల పాట నేర్పిస్తున్నా. ఇదివరకు స్పీకర్లో పెట్టేవాణ్ణి, మీ బూ గోల తట్టుకోలేకపోయా. ఇప్పుడా బాధ లేదు."

గుడ్డ అంచు మెల్లిగా ఎత్తి చూపించాడు. పంజరానికి అటొకటి ఇటొకటి, దారంతో కట్టి, సెనోపతి బడ్స్ వేలాడుతున్నాయి. ఫోన్ గోడ అవతల గదిలో ఛార్జింగులో ఉంది. చీకట్లో పిట్ట తల ఒక పక్కకి వంచి శ్రద్ధగా వింటోంది. స్స్స్. టిం... టుమ్.

గలీహ్ పంజరం దగ్గరికి జరిగాడు.

"పాక్, పిట్టల చెవులు... చాలా సున్నితం అంటారు కదండీ."

"అందుకే గదా! నువ్వు శబ్దం పర్లేదన్నాకే పెట్టా. లేకపోతే వీడి చెవి దగ్గరికి అడ్డమైనవి రానిస్తానా?"

"అది కాదు పాక్... పాత స్పీకరే అలవాటేమో కదా..."

"బిడియపడకు నాక్. నీ మాట మీద నాకు నమ్మకం ఉంది" అని భుజం తట్టాడు పెద్దాయన. "పోటీ అయిపోనీ. కప్పు ఇంటికి తెచ్చుకున్న మర్నాడే మీ వాళ్ళని పళ్ళేలతో రమ్మను. ఒకేసారి రెండు సంబరాలు."

గలీహ్ మళ్ళీ పంజరం వైపు చూశాడు. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఒక్క మాట, అంతే. నోరు తెరిచాడు. "మంచిదండీ, పాక్" అని వచ్చింది. ఆ నోటిని ఏం చేస్తే పాపం పోతుందో తెలియక, ఇచ్చిన టీ వేడివేడిగా ఒక్క గుక్కలో తాగి నాలుక కాల్చుకున్నాడు.

ఈకలు పూర్తిగా వచ్చేదాకా, వారం వారం అదే కథ. గలీహ్ వెళ్ళడం, గుడ్డ వైపు దిగులుగా చూడటం, వాతావరణం గురించి మాట్లాడి రావడం. దారం తెంపేద్దామని ఒకసారి వరండాలో చెయ్యి చాపాడు కూడా. బూ టిటిక్ చూసి, "ఏం బాబూ, పిట్టకి మొక్కుతున్నావా? మొక్కు, మొక్కు. మీ పెళ్ళి ఇప్పుడు దాని ముక్కులోనే ఉంది" అంది. ఆవిడకి అంతా తెలుసు. ఆవిడ చెప్తే ఎవడు వింటాడు గనక!

పోటీ రోజు రానే వచ్చింది. ఆదివారం పొద్దున్నే మైదానమంతా జనం. మధ్యలో తాళ్ళు కట్టి పంజరాలు వరసగా వేలాడదీశారు. లోపల జడ్జీలు మెడలు పైకెత్తి తిరుగుతున్నారు. కంచె బయట యజమానులు ఈలలు, చప్పట్లు, ఎవరి పిట్ట పేరు వాళ్ళు గొంతు చించుకుని అరవడం. లవంగం సిగరెట్ల పొగ మబ్బులా కమ్ముకుంది. లారాస్ చెవుల్లో సెనోపతి బడ్స్‌తో, కొంచెం దూరంలో పెచెల్ బండి దగ్గర బల్ల మీద కూర్చుంది. పెద్దాయన ఇస్త్రీ మడత నలగని కొత్త బాతిక్ చొక్కాలో కంచె పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే గలీహ్.

గుడ్డ తీశారు. సెనోపతి తోక ఒకసారి ఝాడించి ఎత్తుకుంది. ఏం గొంతండీ అది! చెరుకుపిట్ట గమకం, దాని మీద చిలకల గోల, దాని మీద వాడి సొంత విరుపు. పక్క పంజరాల పిట్టలు కాస్త తగ్గాయి. ఒక జడ్జీ నడక ఆపి తిరిగి చూశాడు. పాక్ దర్సోనో గలీహ్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పాట పైకి, ఇంకా పైకి వెళ్ళింది. సరిగ్గా అక్కడ, శిఖరం మీద, చటుక్కున ఆగింది.

సెనోపతి తల పక్కకి వంచింది. "స్స్స్స్" అంది. తర్వాత ఎంతో స్పష్టంగా, పైనుంచి కిందికి జారుతూ, "టిం... టుమ్" అంది. ఆ తర్వాత ఆగిన చోటు కాకుండా ఇంకెక్కడో పాట అందుకుంది.

మైదానం ఒక్క క్షణం నోరు తెరిచి చూసింది.

"చార్జింగ్ అయిపోయిందండోయ్!" అని ఎవడో అరిచాడు.

అంతే. కంచె అంతా పగలబడి నవ్వింది. "బ్లూటూత్ పిట్టరోయ్! కొంచెం దగ్గరికి జరపండి, సిగ్నల్ అందడం లేదు!" "కుడిచెవిది వస్తోంది, ఎడమచెవిది రావట్లేదు!" పాపం సెనోపతికేం తెలుసు? జనం మెచ్చుకుంటున్నారనుకుంది కాబోలు, రెట్టించిన ఉత్సాహంతో పాడింది, ఆగింది, స్స్స్ అంది, టిం... టుమ్ అంది. నేర్పిన పాఠం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది.

పాక్ దర్సోనో నవ్వలేదు, అరవలేదు. గలీహ్ చెయ్యి మెల్లిగా వదిలేశాడు.

"నాక్ గలీహ్" అన్నాడు. ఆ గోలలో గలీహ్ ఆయన నోటి దగ్గర చెవి పెట్టాల్సి వచ్చింది. "ఆ బడ్స్ ఎలా ఉన్నాయి?"

గలీహ్ గొంతులోకి దగ్గు వచ్చింది. మింగేశాడు. "చెత్త, పాక్" అన్నాడు. "నా జన్మలో అంత చెత్త వినలేదు. మొదటిరోజే తెలుసు. క్షమించండి."

"మొదటిరోజే" అన్నాడు పెద్దాయన. "పోటీల మీద పోటీలు గెలిచిన గొంతు నాక్ అది. పిల్లగా ఉన్నప్పుడు మిడతల్ని నా చేత్తో నోట్లో పెట్టి పెంచా. నువ్వొక్క మాట అనుంటే..." కళ్ళు తుడుచుకోవడానికి జేబురుమాలు తీసి, తుడుచుకోకుండానే మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు. గలీహ్‌కి ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. ఇంతలో పెద్దాయన మొహంలో ఇంకేదో మెదిలింది. మెల్లిగా తిరిగి గలీహ్‌ని కింది నుంచి పైదాకా చూశాడు.

"చెత్తని పర్లేదన్నావు" అన్నాడు. "మా అమ్మాయి గురించి అడిగినప్పుడూ నువ్వు అదే మాట అన్నావు."

పెద్దాయన ఇంకో అడుగు దగ్గరికి వేశాడు.

"అది ఏ పర్లేదు?"

"పాక్, అది వేరండీ!"

"వినపడలేదు."

"అది వేరు అంటున్నానండీ!"

చుట్టూ ఈలలు, నవ్వులు, బ్లూటూత్ అంటూ కేకలు. పెద్దాయన చెవి మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. గలీహ్ జీవితంలో గొంతెత్తి ఎరగడు. పాలవాణ్ణి కూడా వెంట పరిగెత్తి భుజం తట్టి పిలిచే రకం. ఇప్పుడు రెండు చేతులా కంచె పట్టుకుని, ఊపిరంతా పీల్చుకుని, నరాలు తేలేలా అరిచాడు. సరిగ్గా ఆ క్షణానే, చివరి మార్కులు వెయ్యడానికి పెద్ద జడ్జీ నిశ్శబ్దం అని ఈల ఊదాడు, మైదానమంతా టక్కున నోరు మూసుకుంది.

"లారాస్ పర్లేదు కాదండీ! లారాస్ అంటే నాకు ప్రాణం! ఆ పిల్ల నవ్వితేనే నాకు చెవులెందుకున్నాయో తెలిసింది! లారాస్‌ని నాకివ్వండి పాక్, చచ్చేదాకా ఒక్క మాట కూడా సాగదియ్యను!"

పిట్టలు కూడా ఆగిపోయాయి. జడ్జీలు, యజమానులు, సిగరెట్లు అమ్మేవాళ్ళు, అందరి తలలూ ఇటే తిరిగాయి. గలీహ్‌కి భూమి తెరుచుకుంటే బాగుండనిపించింది. సోలో గడ్డ కదా, మర్యాదగా ఊరుకుంది.

ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి బూ టిటిక్ గొంతు వినపడింది. "హమ్మయ్య! ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నా. ఒక మగాడి నోట సూటిగా ఒక మాట వినడం ఇదే!"

పెద్ద జడ్జీ చెమట తుడుచుకుంటూ కంచె దగ్గరికి వచ్చాడు. పాత స్నేహితుడు, తలొంచుకుని, చిన్నగా దగ్గి, "పాక్ దర్సోనో... మీ సెనోపతి... ఈసారి... ప...ర్లే..." అని మొదలుపెట్టాడు.

"ఏ పర్లేదు?" పెద్దాయన ఉరిమాడు. "నా పిట్ట ఎలా పాడింది? సూటిగా చెప్పు!"

జడ్జీ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఘోరంగా పాడింది పాక్! కానీ గొంతు మాత్రం బంగారం. మళ్ళీ ఈకలు రాల్చేటప్పుడు మంచి పాట వినిపించండి, ఈ దరిద్రం మర్చిపోతుంది" అని ఒక్క ఊపిరిలో చెప్పేసి, తానేం చేశాడో తలుచుకుని బెదిరిపోయి, ఆ మూలకి పారిపోయాడు.

"చూశావా?" అంది బూ టిటిక్ భర్తతో. "నిజం వింటే మనిషి చచ్చిపోడు. నువ్వింకా నిలబడే ఉన్నావు."

పాక్ దర్సోనో ఇంకా నిలబడే ఉన్నాడు. చొక్కా పై గుండీ ఒకటి విప్పాడు. పెళ్ళయ్యాక నలుగురిలో ఆయన గుండీ విప్పడం బూ టిటిక్ చూడలేదు. గలీహ్ వైపు తిరిగాడు.

"ఆ వీడియో తీసెయ్. ఇంకోటి చెయ్. నేనూ పక్కన కూర్చుంటా, నా మొహం చూపిస్తూనే చెత్త అను. ఉన్న డబ్బాలన్నీ వెనక్కి పంపించేస్తా."

"అలాగేనండీ, పాక్."

"ఇప్పుడు నువ్వు అరిచావే, అది నాకు వినపడింది. మైదానానికీ వినపడింది. ఆ పెచెల్ బండి దగ్గర కూర్చున్న నా కూతురికి వినపడిందో లేదో చూసుకో. నా మాట జవదాటని పిల్ల, పొద్దుట్నుంచీ చెవుల్లో నా బడ్సే పెట్టుకునుంది. దానికి వినపడకపోతే నువ్వెంత అరిచినా దండగే. దానికి సమ్మతమైతే వచ్చే ఆదివారం పళ్ళేలు తీసుకురా."

గలీహ్ ఆ జనంలోంచి ఎలా నడిచాడో అతనికే తెలీదు. జనం దారి ఇచ్చారు, కొందరు వీపు తట్టారు. ఒకడు, "బ్లూటూత్ బావా, కనెక్ట్ అయ్యిందా?" అన్నాడు. బల్ల దగ్గరికి చేరేసరికి లారాస్ తల వంచుకుని పెచెల్ తింటూ ఉంది. ఎడమచెవిలో బడ్ నల్లగా మెరుస్తోంది. ఎప్పట్లాగే ఆ ముఖంలో ఏమీ తెలియడం లేదు. వినలేదు. ఊరంతా విన్నది, వినాల్సిన మనిషి వినలేదు. గలీహ్ ఎదురు బల్ల మీద కూలబడ్డాడు.

లారాస్ విస్తరి అతని వైపు తిప్పింది. పాలకూర పక్కన, వేరుశెనగ పచ్చడిలో సగం మునిగి, కుడిచెవి బడ్ ఉంది.

"మొదటి ముద్దకే పడిపోయింది మస్" అంది. అప్పుడు చూశాడు గలీహ్, ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళున్నాయి, పెదాల మీద నవ్వు ఆగడం లేదు. "నాన్న బడ్స్ ఒక్క మంచి పని చేశాయి. కుడిచెవితో అంతా విన్నాను."

ఎడమచెవిది కూడా తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఎడమచెవికి వినపడలేదు. మళ్ళీ చెప్పు."